మూడో వరుస

టెక్కలిలో నా దుకాణం. బోర్డులు రాస్తాను.
అక్షరానికి ఏడు రూపాయలు, నీడ వేస్తే పది.
ఎరువుల కొట్టువాడూ పళ్ళ డాక్టరూ ఫ్లెక్సీలకి మారిపోయాక
అటవీ శాఖ వాళ్ళొక్కళ్ళే ఇంకా రంగుని నమ్ముతున్నారు.

ఈసారి తెలినీలాపురం పక్షుల బోర్డు.
పైన తెలుగు, కింద ఇంగ్లీషు,
ఆ డిస్టర్బ్ అన్న మాట ఆస్పత్రికీ పరీక్ష హాలుకీ
ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని రాస్తున్నదే.
మూడో వరుస పోలిష్‌లో కావాలన్నారు.
పోలండు నుంచి పదకొండు మంది వస్తున్నారట కొంగల్ని చూడ్డానికి.
వాళ్ళకంటే ముందొచ్చిన హలీనా గారు
నా స్టూలు మీద కూచుని, నిమ్మసోడా సగం తాగి,
ఆ ఒక్క క్రియ దగ్గర ఆగిపోయారు.

డిస్టర్బ్ అంటే ఎలా? అని నన్నే అడుగుతారు.
బ్రష్షు కిరసనాయిల్లో ముంచి అలాగే నించున్నాను.

అడ్డు పడడమా? అయితే ప్షెష్కాజాచ్.
(నోట్లో వేడి పకోడీ పెట్టుకుని పలకాలి దాన్ని.)
నిశ్శబ్దాన్ని పాడుచెయ్యడమా? జక్వూత్సాచ్,
దాని కడుపులో ఒక పోట్లాట దాక్కుని ఉందట.
అడుగు బురద పైకి లేచేలా నీళ్ళు కెలకడమా? మొన్చిచ్.
అది మాకూ ఉందండీ, కలచడం, అన్నాను గబుక్కున.
నౌపడా ఉప్పుమడిలో నీళ్ళనీ, నిద్రపట్టని మనిషినీ
ఒకే మాటతో కలచేస్తాం.
ఆవిడ రాసుకున్నారు. రాసుకుని కొట్టేశారు.

ఒక్కసారి చేస్తే ఒక క్రియ, చేస్తూ పోతే ఇంకొకటట.
వద్దని చెప్పేటప్పుడు ఆ చేస్తూ పోయేదే వాడతారట.
ఎందుకని నేనడగలేదు.
మా ఇంట్లో వద్దు అన్న మాట విని
ఒక్కసారితో మానేసినవాళ్ళు ఎవరూ లేరు.

బోర్డు తీసుకెళ్ళడానికి ఆటోలో వచ్చిన దాలమ్మ,
అక్కడ పక్షుల కాపలా ఆమెదే,
గుమ్మంలో గొంతుక్కూచుని అంతా వింటోంది.
"పురిటికొచ్చినోల్లు బాబూ ఆల్లు.
ఆ సింతసెట్లు ఆల్ల పురిటిగది.
గదిలోకెవుడైనా జొరబడతాడేటి?
అదే రాసీండి. ఇంత సదువెందుకు?"

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. గది దగ్గర చెయ్యెత్తి ఆపారు.
గదా?
సోడా సీసా కింద పెట్టి
పోకుయ్, అన్నారు మెల్లగా.
గదికీ శాంతికీ మాకు ఒకటే మాట.
దాని ముందు కాదు అని చేరిస్తే
ఞెపొకోయిచ్.
దాలమ్మ ఆ మాట రెండుసార్లు అని చూసుకుంది,
కొత్త పచ్చడి నాలిక మీద రాసుకున్నట్టు.

కాయితం మీద రాసిచ్చారు, పాతికక్షరాలు.
రెండు 'నీ'లు పక్కపక్కనే కనిపిస్తే
పొరపాటున రెండుసార్లు పడిందనుకుని ఒకటి వదిలేశాను.
ఆవిడ చూసి తల పట్టుకున్నారు.
ఇప్పుడిది పక్షుల్ని దయచేసి కలచండి అని
బతిమాలుతోందట.
తుడిచాను, మళ్ళీ రాశాను.
నూట డెబ్భై అయిదు రూపాయలు,
నెత్తిమీద గీతలకి డబ్బులడగలేదు.

సాయంత్రం తెలినీలాపురంలో
చింతమాను మొదట్లో బోర్డు ఆనించి
మొదటి మేకు కొట్టాను.
చెట్టు చెట్టంతా లేచిపోయింది.
గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, ఆకాశం నిండా రెక్కలే;
గూళ్ళలో మిగిలిన పిల్లలు మాత్రం కీచుమంటూ.
దాలమ్మ ఏమీ అనలేదు.
నా చేతిలోంచి సుత్తి తీసుకుంది, అంతే.

మేకు పీకడానికి కూడా భయమేసి అలాగే ఉంచేశాం.
బోర్డుని కొబ్బరితాడుతో టీబడ్డీ రాటకి కట్టాం.
అవి ఒక్కొక్కటే దిగేసరికి బాగా చీకటి పడింది.

పొద్దున్న వెళ్ళి చూస్తే
మూడో వరుస చివర తెల్లగా రెట్ట,
ఇంకా తడిగానే ఉంది.
జేబులోంచి గుడ్డ తీశాను.
తల పైన ఏదో సర్దుకుని కూచుంది.
గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.